నిద్రపోతున్న ఫోన్‌ని లేపేది ఎవరు?

మీ ఫోన్ ఇప్పుడు మీ చేతిలో ఉంది కాబట్టి మెలకువగానే ఉంది. రాత్రి దాన్ని దిండు పక్కన పడేశాక లోపల ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ముందు స్క్రీన్ ఆరిపోతుంది. చేయాల్సిన పనేమీ లేకపోతే కాసేపటికి ప్రాసెసర్ కోర్లు కూడా ఆగిపోతాయి. అప్పుడు ఆండ్రాయిడ్ నడవదు. వాట్సాప్ నడవదు. మీరు అలారం పెట్టిన క్లాక్ యాప్ కూడా నడవదు. మరి పొద్దున అయిదున్నరకి అలారం ఎలా మోగుతోంది? అందరూ పడుకున్న ఇంట్లో టైమ్ చూస్తూ కూర్చున్నది ఎవరు?

ఈ కాలమ్‌కి వచ్చే ప్రశ్నల్లో మూడు రకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 'పరీక్ష రోజు అలారం మోగలేదు, ఎందుకు?' 'ఏ యాప్ తెరవకపోయినా ల్యాప్‌టాప్ కాలిపోతోంది, ఎందుకు?' 'ఫోన్ హ్యాంగైతే ఏ బటనూ పనిచేయదు కానీ పవర్ బటన్ గట్టిగా పట్టుకుంటే మాత్రం పనిచేస్తుంది, అదెలా?' మూడూ వేర్వేరు ప్రశ్నల్లా ఉన్నాయి కదా. నిజానికి మూడింటి వెనకా ఉన్నది ఒకే సంగతి. దాని పేరు ఇంటరప్ట్.

కుక్కర్ విజిల్ లెక్క

ఈ రోజు రూమ్‌లో వంట మీ వంతు అనుకోండి. పప్పు కుక్కర్‌లో పెట్టారు. మూడు విజిల్స్ రావాలి. ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, స్టవ్ ముందే నిలబడి 'వచ్చిందా, వచ్చిందా' అని కుక్కర్ వంకే చూస్తూ ఉండటం. రెండు, పక్కన కూర్చుని బెండకాయలు తరుక్కుంటూ విజిల్ వినపడగానే స్పందించటం.

మొదటి దాన్ని కంప్యూటర్ భాషలో పోలింగ్ అంటారు. ప్రాసెసర్ ఒక్కో పరికరం దగ్గరికీ వెళ్లి 'నీకేమన్నా పనుందా?' అని అడుగుతూ తిరుగుతుంది. తొంభై తొమ్మిది సార్లు 'లేదు' అనే జవాబే వస్తుంది. టైమూ పోయింది, బ్యాటరీ కూడా పోయింది. రెండోది ఇంటరప్ట్. పరికరమే ఒక తీగ మీద సిగ్నల్ పంపి 'ఇటు చూడు' అంటుంది. అప్పటిదాకా ప్రాసెసర్ తన పని తాను చేసుకోవచ్చు, లేదా హాయిగా పడుకోవచ్చు.

విజిల్ వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారో గమనించండి. చేతిలో బెండకాయ ఎక్కడిదాకా తరిగారో అక్కడే ఆపుతారు. 'రెండోది' అని లెక్క పెట్టుకుంటారు. మళ్లీ అదే బెండకాయ దగ్గర మొదలుపెడతారు. ప్రాసెసర్ చేసేదీ సరిగ్గా ఇదే. చేస్తున్న పని ఎక్కడ ఆగిందో, చేతిలో ఏ లెక్కలున్నాయో దాచుకుంటుంది. ఏ సిగ్నల్ వస్తే ఏ ప్రోగ్రామ్ నడపాలో రాసిపెట్టిన ఒక పట్టిక ఉంటుంది, అందులో చూస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని హ్యాండ్లర్ అంటారు. దాన్ని నడిపి, దాచుకున్నవి తిరిగి తీసుకుని, ఆగిన చోటి నుంచే సాగిపోతుంది. మధ్యలో అడ్డు తగిలిన సంగతి మీ గేమ్‌కి గానీ, మీ బ్రౌజర్‌కి గానీ తెలియనే తెలియదు.

ఇంకో రెండు ముక్కలు కూడా వంటింట్లోనే దొరుకుతాయి. నూనెలో పూరీ పొంగుతున్నప్పుడు కాలింగ్ బెల్ మోగితే మీరు వెళ్లరు. విన్నారు, కానీ పూరీ తీశాకే తలుపు తీస్తారు. దీన్ని మాస్క్ చేయటం అంటారు. సిగ్నల్ పోదు, వరసలో ఆగుతుంది. అదే గ్యాస్ వాసన వచ్చిందనుకోండి, పూరీ మాడినా సరే అన్నీ వదిలేసి రెగ్యులేటర్ కట్టేస్తారు. మాస్క్ చేయటానికి వీల్లేని అలాంటి ఇంటరప్ట్‌లు కూడా ప్రాసెసర్‌కి ఉన్నాయి. మెమరీలో తీవ్రమైన లోపం లాంటి వాటికి అవి వాడతారు.

డైక్‌స్ట్రా కూడా భయపడ్డాడు

వినటానికి ఇంత తేలిగ్గా ఉన్న ఈ ఆలోచన ఒకప్పుడు మహామహులనే వణికించింది. బీటెక్ చదివినవాళ్లకి ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పేరు తెలిసే ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి కనిపెట్టే అల్గారిథమ్ ఆయనదే. 1957 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో ఎక్స్‌1 అనే కంప్యూటర్ తయారవుతోంది. హార్డ్‌వేర్ రూపొందిస్తున్న బ్రామ్ లోప్‌స్ట్రా, కారెల్ షోల్టెన్ ఇద్దరూ 'ఇందులో ఇంటరప్ట్ పెడదాం' అన్నారు. సాఫ్ట్‌వేర్ రాయాల్సింది డైక్‌స్ట్రా. ఆయన కంగారుపడిపోయాడు. మూడు నెలలు నిర్ణయాన్ని వాయిదా వేశాడు. ఈ సంగతి తర్వాత ఆయనే రాసుకున్నాడు.

భయం దేనికంటే, అప్పటిదాకా ఆయనకు అలవాటైన యంత్రాలు ఒకే ప్రోగ్రామ్‌ని ఎన్నిసార్లు నడిపినా ఒకేలా నడిచేవి. తప్పుంటే ప్రతిసారీ అదే చోట కనపడేది. ఇంటరప్ట్ వచ్చాక ఆ భరోసా పోతుంది. సిగ్నల్ ఏ క్షణాన వస్తుందో చెప్పలేం. ఈసారి ఒక లెక్క మధ్యలో రావచ్చు, ఇంకోసారి రెండు లెక్కల మధ్య రావచ్చు. తప్పు ఒకసారి కనపడి మళ్లీ వెతికితే దొరక్కపోవచ్చు. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. ఆ పని మీదే 1959లో డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం కూడా రాశాడు.

ఆయన భయం వట్టిదేం కాదు. 'ఇంట్లో పాడవుతుంది, షాపుకి తీసుకెళ్తే బుద్ధిగా పనిచేస్తుంది' అని మనం తిట్టుకునే జబ్బుల్లో కొన్నింటికి మూలం ఇదే. రెండు పనులు ఫలానా క్షణంలో, ఫలానా వరసలో ఎదురుపడితేనే ఆ తప్పు బయటికొస్తుంది.

పెత్తనం ఎవరిది?

ఆ పట్టిక సంగతి చెప్పాను కదా, ఏ సిగ్నల్‌కి ఏ ప్రోగ్రామ్ అని. దాన్ని రాసేది ఎవరు? ఇక్కడే ఫర్మ్‌వేర్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య అసలు కథ మొదలవుతుంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో బయటి పరికరాలకు ఎనిమిదే ఇంటరప్ట్ లైన్లు ఉండేవి. సున్నా నంబర్ టైమర్‌ది, ఒకటో నంబర్ కీబోర్డ్‌ది. మెమరీ మొదట్లోనే 1024 బైట్ల పట్టిక, అందులో 256 గళ్లు. కరెంట్ ఇవ్వగానే ఫర్మ్‌వేర్, అంటే బయోస్, ముఖ్యమైన గళ్లు నింపేది. మీరు కీ నొక్కితే బయోస్‌లోని హ్యాండ్లర్ లేచి ఆ కీ ఏదో చదివి ఒక చిన్న డబ్బాలో వేసేది. అందులో పదిహేను కీలే పడతాయి. నిండిపోయాక ఇంకా నొక్కితే బీప్‌మని అరిచేది. నాన్నగారి తరం వాళ్లని అడగండి, ఆ అరుపు గుర్తుంటుంది.

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అవటం కూడా ఆ హ్యాండ్లర్ చేసిన పనే. అందుకే నడుస్తున్న ప్రోగ్రామ్ ఇరుక్కుపోయినా ఆ మూడు కీలు సాధారణంగా పనిచేసేవి. ప్రోగ్రామ్ ఏ స్థితిలో ఉన్నా కీబోర్డ్ ఇంటరప్ట్ దాన్ని పక్కకి నెట్టి బయోస్‌ని లేపేది. ఆ ప్రోగ్రామ్ ఇంటరప్ట్‌లనే ఆపేసి ఇరుక్కుపోతే మాత్రం ఇక ప్లగ్ పీకడమే.

ఇప్పటి కంప్యూటర్లలో వ్యవహారం మారింది. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ విచిత్రంగా పాత పోలింగ్ పద్ధతికే మొగ్గు చూపుతుంది. ఒక్క టైమర్ ఇంటరప్ట్‌నే నమ్ముకుని, ఆ టిక్కు టిక్కుకీ మధ్య కీబోర్డ్‌నీ డిస్క్‌నీ అడిగి చూసుకుంటుంది. ఎందుకంటే దాని ఉద్యోగం కొన్ని సెకన్లే. ఆపరేటింగ్ సిస్టమ్‌ని లోడ్ చేసి తాళాలు అప్పగించేస్తుంది. అక్కడి నుంచి విండోస్ గానీ లైనక్స్ గానీ సొంత పట్టిక వేసుకుని, సొంత హ్యాండ్లర్లు పెట్టుకుంటాయి.

ఆండ్రాయిడ్ ఫోన్ లోపలున్నది లైనక్స్ కెర్నలే. ఏ లైన్ టచ్‌స్క్రీన్‌ది, ఏది వేలిముద్ర సెన్సర్‌ది అని దానికి పుట్టుకతో తెలియదు. ఫోన్ తయారుచేసినవాళ్లు 'ఈ బోర్డు మీద ఏది ఎక్కడ ఉంది' అని ఒక జాబితా రాసిస్తారు. దాని పేరు డివైస్ ట్రీ. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ఆ జాబితా కెర్నల్ చేతికి అందుతుంది. అందులో ఒక్క నంబర్ తప్పు పడినా మీరు ఎంత నొక్కినా టచ్ పలకదు. స్క్రీన్‌కి ఏ దెబ్బా తగలదు, సిగ్నల్‌కి జవాబిచ్చే దిక్కు ఉండదంతే.

గీత గీసినంత సేపట్లో

ఇప్పుడు మీ వేలితో స్క్రీన్‌ని కిందికి జరపండి. టచ్ చిప్ సెకనుకి 120 సార్లు చూసేదైతే ప్రతి ఎనిమిది మిల్లీ సెకన్లకీ ఒక ఇంటరప్ట్ వస్తుంది. ఒక్కోసారి ప్రాసెసర్ చేస్తున్న పని ఆపాలి. హ్యాండ్లర్ అక్కడే కూర్చుని లెక్కలన్నీ చేస్తే పాట తెగిపోతుంది, వీడియో ఆగిపోతుంది. అందుకే లైనక్స్ ఒక తెలివైన పద్ధతి పాటిస్తుంది. హ్యాండ్లర్ 'వచ్చింది' అని గుర్తుపెట్టుకుని వెంటనే తప్పుకుంటుంది. వేలు ఎక్కడుంది, ఎటు జరిగింది అనే పెద్ద పని తర్వాత తీరిగ్గా వేరే చోట జరుగుతుంది. కుక్కర్ విజిల్‌కి లెక్క మాత్రమే పెట్టుకుని, తాలింపు సంగతి మూతొచ్చాక చూసుకున్నట్టు.

నాకు ఇందులో నచ్చే విషయం ఒకటుంది. పిలిచిన ప్రతివాడికీ వెంటనే పలుకుతుంది, కానీ పిలిచిన ప్రతి పనీ వెంటనే చేయదు. నోటిఫికేషన్ మోగగానే చదువుతున్న పుస్తకం మూసి అరగంట రీల్స్‌లో మునిగే మనకంటే మన ఫోనే నయం.

ఇక అలారం సంగతి

మొదటి ప్రశ్నకి వద్దాం. ఫోన్‌లో ఆర్‌టీసీ అనే బుల్లి గడియారం ఉంటుంది. బస్సుల ఆర్టీసీ కాదు, రియల్ టైమ్ క్లాక్. సెకనుకి 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం మీద నడుస్తుంది, చాలా తక్కువ కరెంట్ తాగుతుంది. పడుకోబోయే ముందు కెర్నల్ 'నన్ను ఫలానా టైమ్‌కి లేపు' అని ఆ గడియారంలో రాసి పడుకుంటుంది. అయిదున్నర కాగానే గడియారం ఇంటరప్ట్ కొడుతుంది. ప్రాసెసర్ లేస్తుంది, కెర్నల్ లేస్తుంది, క్లాక్ యాప్ లేస్తుంది, చివరికి మీరు లేస్తారు.

ఫోన్ కాల్ కూడా ఇంతే. మోడెమ్ అనేది సొంత ఫర్మ్‌వేర్‌తో నడిచే వేరే ప్రాసెసర్. అది మధ్యమధ్యలో టవర్ మాట వింటూ ఉంటుంది. మీకు కాల్ ఉందని తెలియగానే ఇంటరప్ట్ కొట్టి పెద్ద ప్రాసెసర్‌ని లేపుతుంది.

ఇది తెలిస్తే పరీక్ష రోజు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా అలారం మోగుతుంది, ఎందుకంటే ఆ మోడ్ ఆపేది రేడియోలని, ఆర్‌టీసీని కాదు. 'ఛార్జింగ్ మిగులుతుంది' అని పూర్తిగా స్విచాఫ్ చేస్తే మాత్రం ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో ఎక్కువ వాటిలో మోగదు. గడియారం తిరుగుతూనే ఉంటుంది. కానీ ఆఫ్‌లో ఉన్న ఫోన్‌ని ఆ గడియారం ఆన్ చేయాలంటే ఫర్మ్‌వేర్ ఒప్పుకోవాలి. పాత నోకియా ఫోన్లు ఒప్పుకునేవి, ఆఫ్‌లో ఉన్నా మోగేవి.

ఇంకో ప్రమాదం ఉంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఫోన్ కదలకుండా పడుంటే యాప్‌లు మాటిమాటికీ లేపకుండా, అన్ని పిలుపుల్నీ పోగేసి ఒకేసారి వింటుంది. నిజమైన అలారాలకు దీన్నుంచి మినహాయింపు ఉంది. కానీ కొన్ని కంపెనీల బ్యాటరీ సేవింగ్ సెట్టింగ్‌లు ఇంకా కటువుగా ఉండి, మీరు డౌన్‌లోడ్ చేసుకున్న అలారం యాప్‌నే చంపేస్తాయి. కాబట్టి ముఖ్యమైన రోజు ఫోన్‌తో వచ్చిన క్లాక్ యాప్‌నే నమ్మండి. కొత్త అలారం యాప్ వాడాలనుకుంటే రెండు రాత్రులు పరీక్షించి చూసుకోండి. బ్యాటరీ సెట్టింగ్‌లలో దానికి ఆంక్షలు తీసేయండి.

పద్దెనిమిది వేల కథ

మా పిన్ని కొడుకు కాకినాడలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. ప్లేస్‌మెంట్స్ సమయం. ల్యాప్‌టాప్ ఖాళీగా ఉన్నా ఫ్యాన్ విమానంలా మోత. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో వాడి గొంతు ముక్కలు ముక్కలుగా వినపడిందట, అవతలివాళ్లు 'మళ్లీ చెప్పండి' అని నాలుగుసార్లు అడిగారట. సర్వీస్ షాపులో మదర్‌బోర్డ్ మార్చాలన్నారు.

"అన్నయ్యా, పద్దెనిమిది వేలంటున్నారు. నాన్నని ఎలా అడగను?" అన్నాడు ఫోన్‌లో.

"ఒరేయ్, ముందు టాస్క్ మేనేజర్ తెరువు. పైన ఏముందో చదువు."

"సిస్టమ్ ఇంటరప్ట్స్ అని ఉంది. ఇరవై ఆరు శాతం. దాన్ని ఎండ్ టాస్క్ కొడితే పోవట్లేదు."

పోదు. అది ప్రోగ్రామ్ కాదు. ఇంటరప్ట్‌లకి జవాబిచ్చుకోవటంలో ప్రాసెసర్ ఎంత టైమ్ పోగొట్టుకుంటోందో విండోస్ వేసి చూపించే లెక్క. మామూలుగా ఒక శాతం కూడా ఉండదు. అంత ఉందంటే ఏదో పరికరం ఆగకుండా బెల్ కొడుతోందన్నమాట. ఒక్కొక్కటే పీకమన్నాను. మౌస్ పీకాడు, మార్పు లేదు. పెన్‌డ్రైవ్ పీకాడు, మార్పు లేదు. స్నేహితుడి దగ్గర తీసుకున్న యూఎస్‌బీ హబ్ పీకగానే అంకె కిందికి జారిపోయింది, రెండు నిమిషాల్లో ఫ్యాన్ కూడా సద్దుమణిగింది. ఆ తర్వాతి ఇంటర్వ్యూలో వాడి మాట స్పష్టంగానే వెళ్లింది.

దీన్నే ఇంటరప్ట్ స్టార్మ్ అంటారు. లైనక్స్‌లో దీనికి ఒక గట్టి నియమం ఉంది. ఒక లైన్ మీద వచ్చిన లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 'నాది కాదు' అని ఏ డ్రైవరూ పట్టించుకోకపోతే, ఆ లైన్‌నే మూసేస్తుంది. 'ఎవరూ పట్టించుకోలేదు' అనే అర్థం వచ్చే సందేశం లాగ్‌లో రాస్తుంది. గోల చేసే బెల్ తీగ కత్తిరించేయటమే.

మంచి పిలుపులు కూడా ఎక్కువైతే ఇదే కష్టం. 1996లో జెఫ్రీ మొగల్, కె.కె. రామకృష్ణన్ ఈ సంగతిని పరిశోధన పత్రంలో చూపించారు. నెట్‌వర్క్ నుంచి ప్యాకెట్లు వరదలా వస్తే, కంప్యూటర్ 'వచ్చింది, వచ్చింది' అని గుర్తుపెట్టుకోవటంలోనే మునిగిపోయి ఒక్క ప్యాకెట్‌కీ అసలు పని చేయలేదు. మందు ఏమిటో తెలుసా? రద్దీ పెరిగితే ఇంటరప్ట్ ఆపేసి పోలింగ్‌కి మారటం. తగ్గాక మళ్లీ ఇంటరప్ట్. ఇప్పుడు లైనక్స్ నెట్‌వర్క్ డ్రైవర్లు ఈ దారిలోనే నడుస్తాయి. మొదట్లో మనం వద్దనుకున్న పద్ధతే రద్దీలో ఆదుకుంది. పెళ్లి భోజనాల్లో ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పరిగెత్తకుండా వడ్డించేవాడు వరసగా ఒక్కో విస్తరినీ చూసుకుంటూ పోతాడే, అలాగ.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా తెలియనిది

మిగిలింది పవర్ బటన్. మామూలుగా నొక్కితే అది పవర్ చిప్ నుంచి ఒక ఇంటరప్ట్‌గా కెర్నల్‌కి చేరుతుంది, స్క్రీన్ వెలుగుతుంది. కెర్నలే ఇరుక్కుపోతే వినేవాడు లేడు. కానీ ఎంతసేపు పట్టుకున్నారో ఆ పవర్ చిప్ సొంతంగా లెక్కపెడుతుంది. పదో పన్నెండో సెకన్లు దాటితే ఎవర్నీ అడక్కుండా ఫోన్‌ని రీసెట్ చేస్తుంది. కొన్ని ఫోన్లలో దానితో పాటు వాల్యూమ్ బటన్ కూడా పట్టుకోవాలి. మీ ఫోన్‌కి ఏ జత పనిచేస్తుందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. అసలే ఇప్పటి ఫోన్లలో ఎక్కువ వాటికి బ్యాటరీ ఊడదీసే వీలు లేదు.

ఇంకా లోతుకి వెళ్తే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి కనపడని ఇంటరప్ట్‌లు కూడా ఉన్నాయి. 1990లో ఇంటెల్ 386ఎస్ఎల్‌తో మొదలైన ఎస్ఎంఐ అలాంటిదే. అది రాగానే ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ చేతిలోకి వెళ్తుంది, పని అయ్యాక తిరిగొస్తుంది. ఆ మధ్య కాలం విండోస్‌కి రెప్పపాటు నిద్రలాంటిది. ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లకీ ఇలాంటి రహస్య గది ఉంది. వేలిముద్ర లాంటివి చూసుకోవటానికి దాన్ని వాడతారు. ఆ గదిలో తప్పుంటే పైనున్న ఏ యాంటీవైరస్‌కీ అది కనపడదు.

అందుకే 'సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది, ఇన్‌స్టాల్ చేయమంటారా' అని ఫోన్ అడిగినప్పుడు ప్రతిసారీ 'తర్వాత' నొక్కకండి. ఇది మాత్రం వరసలో నిలబెట్టాల్సిన పిలుపు కాదు.